ఇష్టమైన ఇలస్ట్రేటర్లను వాళ్ల వృత్తి గురించి ఏమడగాలి, ఎలా అడగాలి?

మీ ప్రశ్న శ్రద్ధగా చదివాను. డిజైన్ కోర్సు చివరి ఏడాదిలో ఉన్నారు. ప్రాజెక్టు కోసం మీకు బాగా ఇష్టమైన పది మంది ఇలస్ట్రేటర్లతో వాళ్ల వృత్తి జీవితం గురించి మాట్లాడాలనుకుంటున్నారు. ఇరవై ప్రశ్నలు రాసుకున్నారు. "ఈ రంగంలోకి ఎలా వచ్చారు?", "మీ శైలి ఎలా ఏర్పడింది?", "కొత్తవాళ్లకు మీరిచ్చే సలహా ఏమిటి?" అన్నవి మొదటి మూడు. అంత పెద్దవాళ్లు విద్యార్థికి జవాబిస్తారా, ఈ ప్రశ్నలు సరిపోతాయా అని మీ సందేహం.

జవాబిస్తారు. మీరు అనుకున్నదానికంటే ఎక్కువమందే ఇస్తారు. బొమ్మలు వేసేవాళ్లు రోజంతా ఒంటరిగా బల్ల ముందు కూర్చుని పనిచేస్తారు. తమ పనిని శ్రద్ధగా చూసిన మనిషి వచ్చి అడిగితే మాట్లాడాలనే ఉంటుంది. నేను పుస్తకాలకూ పత్రికలకూ చాలాకాలంగా బొమ్మలు వేస్తున్నాను, కొన్నేళ్లు ఆర్ట్ డైరెక్టర్‌గా ఇతరుల చేత వేయించాను కూడా. విద్యార్థులు అడిగితే కూర్చుని మాట్లాడాను, నేనూ నా ముందుతరం వాళ్ల దగ్గర కూర్చుని అడిగి రాసుకున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: ప్రశ్నలు మాత్రం సరిపోవు. వృత్తి గురించి నిజంగా తెలుసుకోవాలంటే నేరుగా వృత్తి గురించి అడగకండి. ఒక బొమ్మను ముందు పెట్టి, దాని గురించి అడగండి.

ఎందుకంటే, "ఈ రంగంలోకి ఎలా వచ్చారు?" అన్న ప్రశ్నకు కాస్త పేరున్న ప్రతి ఇలస్ట్రేటర్ దగ్గరా జవాబు సిద్ధంగా ఉంటుంది. చిన్నప్పుడు నోటుబుక్కుల వెనక పేజీల్లో గీయడం, ఇంట్లో ఒకరు ప్రోత్సహించడం, మొదట్లో కష్టాలు, తర్వాత ఒక అవకాశం. అందులో అబద్ధం ఏమీ ఉండదు. కానీ ఎన్నోసార్లు చెప్పి చెప్పి ఆ కథ నునుపెక్కి ఉంటుంది. అవకాశం ఎవరి ద్వారా వచ్చింది, అంతకుముందు ఎన్ని తలుపులు మూసుకున్నాయి, ఆ నెలలు ఇల్లు ఎలా గడిచింది అన్నవన్నీ రాలిపోయి ఉంటాయి. మీకు కావలసినవి సరిగ్గా ఆ రాలిపోయిన సంగతులే.

ఒక అమ్మాయి నన్ను ఇంటర్వ్యూ చేయడానికి వచ్చినప్పుడు ప్రశ్నల కాగితం తీయలేదు. నేను ఎప్పుడో వేసిన ఒక పుస్తకం అట్ట ప్రింటు తీసి బల్ల మీద పెట్టింది. వానలో నిలబడ్డ మనిషి, బొమ్మంతా నలుపు, గొడుగు ఒక్కటే ఎరుపు. "ఈ గొడుగు ఒక్కటే ఎందుకు ఎరుపు?" అని అడిగింది. ఆ అట్టను రెండు రంగుల్లోనే అచ్చు వేయగలమని ప్రచురణకర్త ముందే చెప్పారు. నలుపు పోను ఇంకొక్క రంగే మిగిలింది. దాన్ని అంతటా చల్లితే పలచబడుతుందని ఒక్కచోట పెట్టాను. "మొదటి రఫ్‌లో కూడా ఇలాగే ఉందా?" అంది. లేదు, ఆ తొలి చిత్తుబొమ్మలో మనిషి ముఖం కనిపించేది. పాఠకులు ఆ పాత్రను తామే ఊహించుకోవాలని రచయిత కోరడంతో గొడుగు కిందికి దించి ముఖం కప్పేశాను. "తర్వాత ఏమైంది?" అంది. ఆ అట్ట చూసి ఒక పత్రికవాళ్లు పిలిచారు, "అలాగే ఒక్క రంగుతో" కావాలన్నారు. ఆ తర్వాత ఇంకొకరు. చాలామంది నా శైలి అనుకుంటున్నది ఒక అచ్చు ఖర్చు దగ్గర మొదలై, నన్ను పిలిచినవాళ్లు మళ్లీ మళ్లీ అదే అడగడం వల్ల స్థిరపడింది. "మీ శైలి ఎలా ఏర్పడింది?" అని అడిగి ఉంటే నాకు ఇష్టమైన చిత్రకారుల పేర్లు నాలుగు చెప్పి ఊరుకునేవాణ్ణి.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. జాన్ ఫ్లానగన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనిక విమానదళం కోసం చేసిన పరిశోధనల నుంచి ఒక పద్ధతిని రూపొందించి 1954లో ప్రచురించాడు. దాని సారం ఇది: మంచి పనితనం అంటే ఏమిటని అడిగితే మనుషులు సాధారణమైన మాటలే చెబుతారు. "ఫలానా సందర్భంలో ఏం జరిగింది, మీరేం చేశారు, ఫలితం ఏమైంది" అని అడిగితే అసలు పని బయటపడుతుంది. డిజైన్ పరిశోధనలో ఈ పద్ధతిని ఇప్పటికీ వాడుతున్నారు. మీ ప్రాజెక్టు నివేదికలో పద్ధతి గురించి రాయాల్సి వస్తే ఇది మీకు గట్టి ఆధారం.

ఇక ఎవరిని అడగాలన్న విషయం. పది మంది ఎక్కువ. ఐదారుగురితో లోతుగా మాట్లాడితే పది మందితో పైపైన మాట్లాడినదానికంటే ఎన్నో రెట్లు మెరుగైన సమాచారం దొరుకుతుంది. అంతకంటే ముఖ్యమైనది, ఆ పది మందీ మీరు ఆరాధించేవాళ్లే కావడం. వాళ్లంతా నిలబడ్డవాళ్లు, గెలిచినవాళ్లు. వాళ్లతో మాత్రమే మాట్లాడితే "పట్టుదలగా ఉంటే వస్తుంది" అన్న ముగింపే వస్తుంది. అంతే పట్టుదలతో ఉండి కూడా నిలబడలేనివాళ్లు మీ జాబితాలో లేరు కదా! అందుకని ముగ్గురిని మీకు ఇష్టమైనవాళ్లలో నుంచి తీసుకోండి. వృత్తిలోకి వచ్చి ఐదారేళ్లే అయినవాళ్లను ఒకరిని కలపండి. ఇప్పుడు పని ఎలా దొరుకుతోందో వాళ్లకే బాగా తెలుసు, ముప్పై ఏళ్ల కిందట తలుపు తెరుచుకున్న తీరు ఇప్పుడు మీకు పనికిరాకపోవచ్చు. బొమ్మలు వేయించుకునే ఆర్ట్ డైరెక్టర్‌ను గానీ, ఇలస్ట్రేటర్ల తరఫున మాట్లాడే ఏజెంటును గానీ ఒకరిని. వీలైతే, ఈ పని మానేసి వేరే పనిలోకి వెళ్లినవాళ్లను ఒకరిని. ఆ చివరి మనిషిని వెతకడం కష్టం, అడగడం ఇంకా సున్నితం. కానీ మీ ప్రాజెక్టులో అందరూ గుర్తుపెట్టుకునే సంభాషణ అదే అవుతుందని నా నమ్మకం.

ఉపాధి తీరులో కూడా వైవిధ్యం చూడండి. చందమామలో విక్రమార్కుడు భేతాళుణ్ణి భుజాన వేసుకుని నడిచే బొమ్మతో మనందరికీ గుర్తుండిపోయిన శంకర్ గారు దశాబ్దాల పాటు ఆ ఒక్క పత్రికకే పనిచేశారు. ఫిన్లండ్ చిత్రకారిణి టోవే యాన్సన్ 1954లో లండన్ పత్రిక ఈవెనింగ్ న్యూస్‌కు రోజువారీ కామిక్ స్ట్రిప్ మొదలుపెట్టారు, 1959లో దాన్ని వదిలేసుకున్నారు, తమ్ముడు లార్స్ 1975 వరకు కొనసాగించారు. ఒకరు ఒకే చోట నిలిచారు. ఇంకొకరు క్రమంగా డబ్బు వచ్చే పనిని, అదీ పేరు తెచ్చిన పనిని, చేతులారా వదిలారు. రెండూ గొప్ప వృత్తి జీవితాలే, కానీ రెండింటినీ ఒకే ప్రశ్నలతో తవ్వలేం. జీతం మీద ఉన్నవాళ్లను "కాదు అనే వీలు మీకు ఎంత ఉండేది?" అని అడగాలి. సొంతంగా పనిచేసేవాళ్లను "ఏ పనిని వదులుకున్నారు, ఆ నెల ఎలా గడిచింది?" అని అడగాలి.

ముందు చదువు బాగా జరగాలి. ఒక్కొక్కరి మీద ఇంతకుముందు వచ్చిన ఇంటర్వ్యూలన్నీ చదవండి, వినండి. అక్కడ జవాబు దొరికిన ప్రశ్నను మీ కాగితంలో కొట్టేయండి. తర్వాత ఒక పొడవాటి కాగితం మీద ఏడాది వారీగా వాళ్ల పనులు రాయండి. పుస్తకాల మొదటి పేజీల్లో ముద్రణ సంవత్సరాలు ఉంటాయి, వెబ్‌సైట్‌లో క్లయింట్ల పేర్లు ఉంటాయి. ఎక్కడ క్లయింట్ మారారో, ఎక్కడ రెండేళ్లు ఏమీ లేదో, ఎక్కడ రంగులు ఒక్కసారిగా మారాయో గుర్తులు పెట్టుకోండి. మంచి ప్రశ్నలన్నీ ఆ గుర్తుల దగ్గరే పుడతాయి.

దీనికి అమెరికన్ చిత్రకారుడు నార్మన్ రాక్‌వెల్ మంచి ఉదాహరణ. 1916 నుంచి 1963 దాకా శాటర్డే ఈవెనింగ్ పోస్ట్ పత్రికకు మూడు వందలకు పైగా ముఖచిత్రాలు వేశాడు. చాలావరకు చిన్న ఊళ్లు, పిల్లలు, పండుగలు. 1964 జనవరిలో లుక్ అనే మరో పత్రికలో ఆయన బొమ్మ ఒకటి వచ్చింది: తెల్లని గౌను వేసుకున్న ఒక నల్లజాతి పాప, ముందూ వెనకా ప్రభుత్వ మార్షల్స్ నడుస్తుండగా, బడికి వెళుతోంది. గోడ మీద జాత్యహంకారపు తిట్టు, విసిరిన టమాటా మరక. 1960లో న్యూ ఆర్లీన్స్‌లో రూబీ బ్రిడ్జెస్ అనే చిన్నారి, అప్పటిదాకా తెల్లపిల్లలకే ఉన్న బడిలో అడుగుపెట్టిన సంఘటన అది. పాత పత్రికను వదిలిన 1963, ఈ బొమ్మ వచ్చిన 1964, ఈ రెండు తేదీలూ పక్కపక్కన రాసి చూడండి. చిత్రకారుడి చేయి మారలేదు, అదే వివరం, అదే నిగ్రహం. పత్రిక మారింది, వేయగలిగిన విషయం మారింది. ఇది చూసినవాళ్లు ఆయన్ను "మీకు ప్రేరణ ఏమిటి?" అని అడగరు, "పాత పత్రికలో ఉండగా వేయాలనుకుని వేయలేకపోయినవి ఏమిటి?" అని అడుగుతారు. మీ జాబితాలోని ప్రతి ఒక్కరి జీవితంలోనూ, ఎంత చిన్నదైనా సరే, ఇలాంటి మలుపు ఒకటి ఉంటుంది.

మాట్లాడగలరా అని అడుగుతూ వాళ్లకు రాసే ఉత్తరం చిన్నగా ఉండాలి. నాకు వచ్చేవాటిలో సగం వరకు మొదటి రెండు పేరాలూ పొగడ్తలే. అవి చదువుతుంటే సంతోషంగానే ఉంటుంది. కానీ అసలు ఏం కావాలో ఆ పొగడ్తల్లో దొరక్క, తర్వాత చూద్దామని పక్కన పెట్టేస్తాం. ఇలా రాస్తే చాలు:

"నమస్కారం. నేను డిజైన్ చివరి సంవత్సరం విద్యార్థిని. ఇలస్ట్రేటర్ల పని అసలు ఎలా నడుస్తుందన్న దానిమీద ప్రాజెక్టు చేస్తున్నాను. మీ ఫలానా పుస్తకంలో రాత్రి రైలు స్టేషన్ బొమ్మ గురించి ప్రత్యేకంగా అడగాలని ఉంది. అందులో వెలుగంతా కిటికీల్లోంచే ఎందుకు వస్తోందో చాలారోజులుగా ఆలోచిస్తున్నాను. నలభై ఐదు నిమిషాలు ఫోన్‌లో గానీ వీడియోలో గానీ మాట్లాడగలరా? వచ్చే నెల చివరి లోపు మీకు వీలైన ఏ రోజైనా సరే. మీ మాటలు నా కాలేజీ నివేదికలో మాత్రమే వస్తాయి, అంతకుముందు మీకు చూపిస్తాను. ఇప్పుడు వీలుకాకపోతే ఒక్క మాట రాసినా చాలు."

ఇందులో ఎవరు, ఏమిటి, ఎంతసేపు, ఎప్పటిలోగా, ఎక్కడ వాడతారు అన్నీ ఉన్నాయి, కాదనే వీలు కూడా ఉంది. ఆ చివరి వాక్యం ఉంటే జవాబులు ఎక్కువ వస్తాయి, కాదనే జవాబులు కూడా. ఎదురుచూస్తూ కూర్చోవడం కంటే కాదని తెలియడం మేలు. వారం పదిరోజుల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తు చేయండి, రెండోసారి వద్దు. వెబ్‌సైట్‌లో ఈమెయిల్ ఉంటే దానికే రాయండి. ఇన్‌స్టాగ్రామ్‌లో కొత్తవాళ్లు పంపిన సందేశాలు రిక్వెస్టుల్లో పడి నెలల తరబడి అలాగే ఉండిపోతాయి. ఏజెంటు ఉంటే ఏజెంటుకు రాయడం మర్యాద. అయితే ఇది పని ఇచ్చే ఉత్తరం కాదని, చదువు కోసమని మొదటి వాక్యంలోనే చెప్పండి. ఇంకొకటి, అదే ఉత్తరానికి మీ పోర్ట్‌ఫోలియో జతచేసి "చూసి అభిప్రాయం చెప్పండి" అనకండి. రెండు కోరికలు కలిస్తే రెండూ నెరవేరవు.

ప్రశ్నల జాబితాను ఈమెయిల్‌లో పంపి జవాబులు రాసివ్వమనడం సులువనిపిస్తుంది. కానీ అవతలివాళ్లకు అది రాతపని, అదీ ఉచితంగా చేయాల్సింది. మీకు దొరికేవి కూడా పొడి జవాబులే. మాట్లాడటానికి సిగ్గుపడేవాళ్లు, వినికిడి ఇబ్బంది ఉన్నవాళ్లు రాస్తామంటే సరే, అప్పుడు మూడు ప్రశ్నలకు మించవద్దు.

కూర్చున్నాక మీ అభిమానం ఒక్కసారి, మొదట్లో, ఒక వాక్యంలో చెప్పి పనిలోకి దిగండి. మాటమాటకీ పొగిడితే అవతలి మనిషి తన గొప్పతనానికి తగ్గట్టు మాట్లాడటం మొదలుపెడతారు, తడబాట్లు దాచేస్తారు. మూడు బొమ్మలు తీసుకెళ్లండి: మీకు బాగా నచ్చినది ఒకటి, వాళ్ల తొలినాళ్లది ఒకటి, ఈ మధ్యది ఒకటి. వాళ్లనూ ఒకటి తెమ్మనండి, అచ్చు కానిది, క్లయింట్ వద్దన్నది. తిరస్కరించిన రఫ్‌ను చూపిస్తూ మనిషి మాట్లాడే తీరే వేరు. ఒక్కొక్క బొమ్మ దగ్గరా ఈ దారిలో వెళ్లండి: పని ఎవరి ద్వారా వచ్చింది, బ్రీఫ్‌లో (ఏం కావాలో క్లయింట్ ముందుగా ఇచ్చే సూచనల్లో) ఏముంది, ఎన్ని రోజులు ఇచ్చారు, మొదటి రఫ్‌కీ చివరి బొమ్మకీ మధ్య ఏం మారింది, మార్చమన్నది ఎవరు, దీనివల్ల తర్వాత ఏ పని వచ్చింది లేదా ఏ పని పోయింది. ఈ చివరి ప్రశ్న మిమ్మల్ని తర్వాతి పనికి తీసుకెళుతుంది, అక్కడి నుంచి ఇంకో పనికి. అలా మూడు నాలుగు మెట్లు ఎక్కేసరికి వృత్తి జీవితమంతా మీ ముందు ఉంటుంది, ఆ మాట మీరు ఒక్కసారి కూడా ఎత్తకుండానే.

జవాబు అయిపోయిందనిపించినా వెంటనే తర్వాతి ప్రశ్న వేయకండి. మనసులో ఐదు దాకా లెక్కపెట్టండి. "అసలేం జరిగిందంటే..." అన్న మాట చాలాసార్లు ఆ మౌనం తర్వాతే వస్తుంది. ఇది నేర్చుకోవడం అన్నిటికంటే కష్టం, ముందు స్నేహితులతో సాధన చేయండి.

డబ్బు గురించి తప్పకుండా అడగండి. అది అడగని వృత్తి ఇంటర్వ్యూ సగం ఇంటర్వ్యూనే. "ఎంత తీసుకుంటారు?" అని నేరుగా అడిగితే ముడుచుకుపోతారు. సంభాషణ మూడొంతులు అయ్యాక, "నిరుడు మీ ఆదాయంలో పుస్తకాల వాటా ఎంత, పత్రికలది ఎంత, ప్రకటనలు, పాఠాలు చెప్పడం, ప్రింట్ల అమ్మకం ఎంతెంత? సుమారుగా చాలు" అని అడగండి. వాటాలు చెప్పడానికి ఎవరూ పెద్దగా సంకోచించరు. మీకు ఎంతో ఇష్టమైన పుస్తకాల వల్ల వాళ్లకు వచ్చేది చిన్న భాగమేనని, మీరెప్పుడూ చూడని ప్యాకేజింగ్ బొమ్మలే ఇల్లు నడుపుతున్నాయని తెలియవచ్చు. తర్వాత, బల్ల మీదున్న బొమ్మనే చూపించి, "దీని హక్కులు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాయి?" అని అడగండి. పూర్తిగా రాసిచ్చేశారా, లేక ఫలానా వాడకానికి ఫలానా కాలానికి అనుమతి మాత్రమే ఇచ్చారా, రాయల్టీ ఉందా, పని మధ్యలో ఆగిపోతే ఎంతో కొంత చెల్లించాలని ఒప్పందంలో ఉందా. ఒప్పందాల గురించి కాలేజీలో చాలామందికి ఎవరూ చెప్పరు, నేర్చుకున్నవాళ్లంతా నష్టపోయి నేర్చుకున్నదే. ఈ భాగంలో "ఇది రాయవద్దు" అంటే వెంటనే రికార్డింగ్ ఆపండి, ఆపినట్టు వాళ్లకు కనబడాలి.

బొమ్మలు తయారుచేసే ఏఐ సాధనాల గురించి కూడా అడగాలని మీ జాబితాలో ఉంది. "ఏఐ గురించి మీ అభిప్రాయం?" అంటే పత్రికల్లో చదివిందే వినిపిస్తుంది. "క్లయింట్ ఎవరైనా యంత్రంతో చేయించిన బొమ్మను నమూనాగా పంపారా? అప్పుడు మీరేం చేశారు? ఆ పనికి డబ్బు తగ్గించారా?" అని అడిగితే జరిగింది తెలుస్తుంది.

సలహా ప్రశ్నను తీసేయమని నా గట్టి సూచన. దాని బదులు "ఈ పనిని ఇప్పుడు మళ్లీ చేయాల్సి వస్తే ఏది వేరేగా చేస్తారు?" అని అడగండి. అదే సలహా, కానీ ఒక నిర్ణయానికి ముడిపడి వస్తుంది.

రికార్డింగ్‌కు ముందే అనుమతి తీసుకోండి, రికార్డర్ నొక్కాక మరోసారి అడిగి ఆ "సరే" కూడా నమోదయ్యేలా చూడండి. రెండు పరికరాల్లో పెట్టండి. ఫోన్‌లో రికార్డు చేస్తుంటే మధ్యలో కాల్ వచ్చి ఆగిపోవచ్చు, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. గంట మాటలను చేత్తో రాయడానికి నాలుగైదు గంటలు పడుతుంది, దాన్ని బట్టి రోజులు లెక్కేసుకోండి. సాఫ్ట్‌వేర్‌తో రాయిస్తే తెలుగూ ఇంగ్లిషూ కలిపి మాట్లాడిన చోట తప్పులు ఎక్కువ పడతాయి, పేర్లు మరీను. ఆడియో వింటూ మీరే సరిచూడండి. ఒకసారైనా మొత్తం మీ చెవులతో వినాలి, ఎక్కడ గొంతు తగ్గిందో కాగితం చెప్పదు.

ఇంటర్వ్యూ ముగిసిన రోజే కృతజ్ఞతలు రాయండి. వాడబోయే మాటలను చూపించి తప్పులుంటే దిద్దమనండి. మాటలు వాడుకోవడానికి ఇచ్చిన అనుమతి బొమ్మలు వాడుకోవడానికి ఇచ్చినట్టు కాదు, దాన్ని విడిగా, ఏయే బొమ్మలో పేర్లతో సహా, రాతపూర్వకంగా అడగండి. కొన్ని బొమ్మల హక్కులు ప్రచురణకర్త దగ్గర ఉంటాయి, అప్పుడు ఇలస్ట్రేటర్ సరేనన్నా చాలదు, ప్రచురణకర్తకే రాయాలి. ఇంకా విడుదల కాని పనిని ఎవరైనా చనువుగా చూపిస్తే దాని గురించి నివేదికలోనే కాదు, స్నేహితుల దగ్గర కూడా ఎత్తకండి. పూర్తయిన నివేదిక ప్రతిని ఐదారుగురికీ పంపండి. రెండేళ్ల తర్వాత ఈ సంభాషణలను వెబ్‌సైట్‌లోనో పత్రికలోనో వేయాలనిపిస్తే, పాత అనుమతి కాలేజీ నివేదిక వరకే కాబట్టి, ప్రతి ఒక్కరినీ మళ్లీ అడగండి.